ఏటా నిలిచే క్రిస్మస్ ఆనవాయితీలు: నవంబరు నుంచి జనవరి దాకా ఇంటిల్లిపాదికీ మార్గదర్శి

ఇంట్లో క్రిస్మస్‌కి కొత్త ఆనవాయితీ ఏదైనా మొదలుపెట్టాలన్న ఆలోచన చాలామందికి డిసెంబరు 20 దాటాకే వస్తుంది. అప్పటికి పిండిమర దగ్గర వరస, చర్చి ప్రోగ్రాం రిహార్సళ్ళు, టైలరు చుట్టూ తిరగడం, పిల్లలు దిగే రైలు టైములు, అన్నీ మీద పడి ఊపిరి సలపదు. ఆ హడావిడిలో మొదలైన పని ఆ ఏటికి బాగానే ఉంటుంది. మరుసటేడు దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఆనవాయితీ అనేది రెండో ఏడు మళ్ళీ జరిగినప్పుడే పుడుతుంది. కాబట్టి మొదటి ఏడు తక్కువ పనులు పెట్టుకోండి, వాటికి తేదీ, టైము, చేసే మనిషి పేరు ముందే ఖాయం చేసుకోండి. నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్ళలో దొరికే సరుకుతో, ఇక్కడి వానలతో, ఇక్కడి చుట్టాలతో ఇదంతా ఎలా కుదుర్చుకోవాలో వరసగా చూద్దాం.

మొదట ఒక సాయంత్రం కూర్చోండి

క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలుండే ఆగమన కాలపు తొలి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు లూథరన్ సంఘాలు, కథోలిక్ విచారణలు (పారిష్‌లు) ఈ కాలాన్ని పాటిస్తాయి. ఒంగోలు, కందుకూరు, కనిగిరి వైపు బాప్టిస్టు ఇళ్ళలో అంతగా లేదు. పాటించినా పాటించకపోయినా ఇంటివాళ్ళంతా కూర్చోడానికి అది మంచి రోజు, ఇంకా తొందర మొదలవదు గనక.

ఆ సాయంత్రం కొత్తవి అడిగే ముందు పాతవి అడగండి. జేజిని, తాతని, పెదనాయనని "మీ చిన్నప్పుడు క్రిస్మస్‌కి ఏం చేసేవాళ్ళు?" అంటే పండగ ముందు గోడలకి సున్నం వేయడం, రంగు కాగితాలు గొలుసులుగా అతికించడం, కోడి కూసే వేళ పాటలు పాడుతూ వీధులు తిరగడం లాంటివి బయటికొస్తాయి. కొత్తది కనిపెట్టడం కన్నా ఆగిపోయినదాన్ని మళ్ళీ లేపడం తేలిక, ఎందుకంటే అదెలా చెయ్యాలో తెలిసిన మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటారు.

మొదటి ఏటికి మూడు చాలు. ఒకటి రోజూ జరిగేది, ఒకటి చేతులతో కలిసి చేసేది, ఒకటి గడప దాటి ఇతరులకి అందేది. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చేస్తారు, ఏ రోజు ఎన్నింటికి, ఖర్చెంత. మూడింటికీ "అమ్మ" అనే జవాబు వస్తే ఆ పట్టీ పనికిరాదు, చింపేసి మళ్ళీ రాయండి. చాలా ఇళ్ళలో పండగ ఆనవాయితీలు చచ్చిపోయేది భక్తి తగ్గి కాదు, ఒక్క ఆడమనిషి నడుం మీద అన్నీ నిలబెట్టడం వల్ల.

కానుకల సంగతి కూడా అప్పుడే తేల్చండి. పదిమంది ఉన్న కుటుంబంలో అందరికీ అందరూ కొనడం మోయలేని ఖర్చు. పేర్లు రాసి చీటీలు వేయండి, ఎవరికి ఎవరు వస్తే వాళ్ళకి మాత్రమే కొనాలి. 300 రూపాయలు మించకూడదని గీత గీయండి. మొగుడికి పెళ్ళాం పేరు, పెళ్ళానికి మొగుడి పేరు వస్తే చీటీ మార్చుకోవాలి. ఇక్కడ చెడేది ఒక్కటే: డబ్బున్న చిన్నాయన గీత దాటి వాచీ కొనడం. ఒక్కరు దాటితే మరుసటేడు మిగతావాళ్ళు చీటీ తీయడానికి సంకోచిస్తారు. ముందే నవ్వుతూ చెప్పేయండి.

రోజూ ఒక అధ్యాయం

లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1 నుంచి రోజుకొకటి చదివితే 24 రాత్రికి పూర్తవుతుంది. ఖర్చు లేదు, సరంజామా లేదు, అందుకే మొదటి ఏటికి ఇంతకు మించింది లేదు.

టైము భోజనం కాగానే పెట్టండి. "పడుకునే ముందు" అంటే సగం రోజులు పిల్లలు నిద్రపోతారు. ఒక్కో అధ్యాయానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. మొదటి అధ్యాయంలోనే 80 వచనాలు. మొదటి రోజే అంత పొడుగు తగిలేసరికి పిల్లలు జంకుతారు. దాన్ని నలుగురు పంచుకుని చదవండి. మూడో అధ్యాయం చివర వంశావళి పేర్లు వస్తాయి, అవి నోరు తిరిగే పెద్దవాళ్ళకి వదిలేయండి. 22వ అధ్యాయం 71 వచనాలు, అది కూడా పంచుకోవాల్సిందే.

ఒకరోజు తప్పిపోతే మరునాడు రెండు చదవొద్దు. తప్పిన అధ్యాయాన్ని వదిలేసి ఆ రోజుదే చదవండి. బాకీ తీర్చడం మొదలైతే వారానికల్లా మూడు అధ్యాయాల అప్పు, ఆ తర్వాత పుస్తకం అలమారలోకే.

ఇందులో ఒక చిక్కుంది: 24 రాత్రి చదివేది యేసు పుట్టుక కాదు, పునరుత్థానం, అంటే చనిపోయి తిరిగి లేచిన కథ. అది తప్పేం కాదు, నిజానికి బాగుంటుంది. 25 తెల్లవారి పుట్టుక కథ ఉన్న రెండో అధ్యాయం మొదటి 20 వచనాలు ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చేత మళ్ళీ చదివించండి. చదవడం రాని పిల్లలుంటే పెద్దవాళ్ళు ఒక్కో మాట చెబుతుంటే వాళ్ళు అంటారు.

నక్షత్రం ఇంట్లో కట్టడం

బజారులో ప్లాస్టిక్ నక్షత్రం రెండొందలకి దొరుకుతుంది, కట్టడం ఎందుకని అనిపించవచ్చు. తాతా మనవళ్ళు మూడు సాయంత్రాలు పక్కపక్కన కూర్చునే పని ఇంకొకటి చెప్పండి మరి. పైగా ఈ ప్రాంతానికి నక్షత్రంతో సొంత చుట్టరికం ఉంది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టాడు. పదేళ్ళు దాటినా చేరినవాళ్ళు కొద్దిమందే. 1853లో అమెరికాలో జరిగిన సభలో దీన్ని మూసేద్దామన్న మాట వచ్చింది. మిషన్ల పటంలో నెల్లూరు ఒక్కటే చుక్కగా కనబడుతుంటే ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రం అన్నారు. అదే మాట మీద ఒకాయన రాత్రికి రాత్రి పద్యం రాస్తే మర్నాడు దాన్ని సభలో చదివి వినిపించారు. మిషన్ నిలిచింది, లోన్ స్టార్ అనే పేరూ నిలిచింది. కాగితం అతికిస్తూ పిల్లలకి ఈ కథ చెప్పండి. గుమ్మానికి వేలాడేది వాళ్ళకి ఇంకోలా కనిపిస్తుంది.

కావలసినవి: మూడడుగుల వెదురు బద్దలు పది, ఏడంగుళాల ముక్కలు ఐదు, నూలు దారం, పెద్ద రంగు కాగితాలు ఐదు, మైదా, హోల్డరు, 7 లేదా 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, వైరు, వేలాడదీయడానికి వేరే తాడు. బద్దలు బుట్టలల్లే మేదరవాళ్ళ దగ్గర దొరుకుతాయి. సెంటీమీటరు వెడల్పు, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండేలా చీల్చి ఇమ్మనండి. కణుపు మధ్యలో పడితే అక్కడే విరుగుతుంది, కణుపు కొస వైపు ఉండేలా చూసుకోండి.

1. ప్రతి బద్దకీ రెండు కొసల నుంచీ 13¾ అంగుళాల దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. మధ్యలో ఎనిమిదిన్నర అంగుళాలు మిగలాలి. నక్షత్రంలో బద్దలు ఒకదాన్నొకటి దాటేది సరిగ్గా ఈ గీతల దగ్గరే.

2. ఐదు బద్దల్ని, చెయ్యెత్తకుండా నక్షత్రం గీసినట్టు, కొసకి కొస కలిపి పేర్చండి. దాటే చోట ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనివ్వండి. ముందు ఐదు కొసలూ వదులుగా కట్టి, గీతలు గీతల మీద పడ్డాయో లేదో చూసి, అప్పుడు లోపలి ఐదు కూడళ్ళూ బిగించండి. కొసలు ముందే బిగిస్తే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అవుతుంది, ఇక సర్దలేరు.

3. రెండో ఐదు బద్దలతో అలాంటిదే ఇంకోటి. ఒకదాని మీద ఒకటి పెట్టి కొసకి కొస జత చేసి కట్టండి.

4. లోపలి ఐదు కూడళ్ళ దగ్గర రెండు నక్షత్రాల మధ్య ఏడంగుళాల ముక్క నిలబెట్టి రెండు వైపులా కట్టండి. ఇప్పుడది ఉబ్బుతుంది. బద్ద చిటపటమంటే ఆపి తడిగుడ్డ చుట్టి అరగంట ఉంచండి, తర్వాత వంగుతుంది.

5. గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద గరిటజారుగా ఉడికించండి. బొద్దింకలు కొరక్కుండా కొందరు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు చేతులు పెట్టే ఇంట్లో మానేసి ఫెవికాల్ వాడండి.

6. కాగితాన్ని ఖాళీ కన్నా అర అంగుళం ఎక్కువ కత్తిరించి, బద్ద మీదుగా మడిచి అతికించండి. మరీ లాగి అతికిస్తే ఆరాక చిరుగుతుంది. ఒక పక్క త్రికోణం అంటించకుండా తలుపులా వదలండి, బల్బు మార్చేది దాంట్లోంచే.

7. బల్బు సరిగ్గా నడుమ వేలాడాలి, కాగితానికి తగలకూడదు. పాత 60 వాట్ల బల్బు వద్దు, ఆ వేడికి కాగితం మాడుతుంది. బరువు తాడు మోయాలి, వైరు కాదు. వైరు అతుకుంటే టేపు చుట్టి వాన తగలని వైపు తిప్పండి.

వాన మాట వచ్చింది కాబట్టి. మన తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, డిసెంబరు మొదట్లో వాయుగుండాలు మామూలే. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. కాగితపు నక్షత్రాన్ని 1వ తేదీనే డాబా మీద కట్టాలనే ఉబలాటం ఉన్నా, 15 దాకా వరండా లోపల వేలాడదీయడం మేలు. బయటే కావాలంటే పల్చటి పాలిథిన్ కవరు పైనుంచి తొడిగి అడుగు భాగం తెరిచి ఉంచండి. మూసేస్తే లోపల చెమ్మ పట్టి జిగురు ఊడుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు వాన భయం అంత ఉండదు గానీ గాలి ఉంటుంది, కింది కొసకి ఇంకో తాడు కట్టి లాగండి.

చెట్టు, పశువుల పాక

తీరం పొడుగునా సరుగుడు తోటలుండగా ప్లాస్టిక్ చెట్టు ఎందుకు? తోటవాళ్ళని అడిగి నాలుగైదు అడుగుల కొమ్మ తెచ్చుకోండి. బకెట్లో తడి ఇసుక కూరి నిలబెట్టి, రోజూ చెంబుడు నీళ్ళు పోయండి. వారం పది రోజుల్లో ఎండడం మొదలవుతుంది కాబట్టి 20కి ముందు తేవద్దు. ఎండిన సరుగుడు నిప్పంటే భగ్గుమంటుంది, దాని పక్కన కొవ్వొత్తి పెట్టకండి, పడుకునేటప్పుడు సీరియల్ బల్బులు ఆపేయండి.

యేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో పెట్టడం పిల్లల పని. కుండలు చేసేవాళ్ళ దగ్గర బంకమట్టి రెండు కిలోలు తెచ్చి ఇస్తే గొర్రెలు, కాపరులు వాళ్ళే చేస్తారు. ఎద్దుకి మూపురం పెట్టించండి, ఒంగోలు గిత్త లేని పాక మన దగ్గర ఏం పాక? బొమ్మలు నీడనే ఆరాలి, ఎండలో పెడితే పగులుతాయి. కాళ్ళు సన్నగా చేస్తే విరుగుతాయి, కూర్చున్న బొమ్మలే నయం. 15న పళ్ళెంలో తడిమట్టి పరిచి మెంతులు చల్లితే 24కి పచ్చిక లేస్తుంది. బాలయేసుని పడుకోబెట్టే తొట్టె 24 అర్ధరాత్రి దాకా ఖాళీగా ఉంచండి. నక్షత్రం చూసి యేసుని వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానుల బొమ్మలు మొదట ఇంటి ఇంకో మూల పెట్టి, రోజుకింత జరుపుతూ, వాళ్ళ రాకని తలుచుకునే జనవరి 6కి పాక దగ్గరికి చేర్చండి. జరిపే పని ఒక్క పిల్లకే అప్పగించండి, లేకపోతే జ్ఞానులు రోజుకి మూడుసార్లు ప్రయాణం చేస్తారు.

పిండివంటల రోజు

25కి ముందు వచ్చే శనివారమో ఆదివారమో ఒకటి దీనికి కేటాయించండి. అత్తలు, పిన్నమ్మలు ఒక ఇంట్లో చేరి కలిసి చేసుకుని పంచుకోవడం పాత పద్ధతే, విడివిడిగా తలో పొయ్యి దగ్గర చేసుకోవడమే కొత్తగా వచ్చింది. చక్రాలు, కజ్జికాయలు ఎలాగోలా వస్తాయి. అరిసెల దగ్గరే చేయి తిరిగినవాళ్ళు కావాలి. అందుకే నేర్పే ఆనవాయితీగా దీన్ని పెట్టుకోండి: ఏటా ఒక కొత్త మనిషి పాకం పట్టాలి, తెలిసినావిడ పక్కన నిలబడి చెప్పాలి గానీ గరిటె పట్టుకోకూడదు. మగపిల్లలకీ వంతు వేయండి.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం, 50 గ్రాముల నువ్వులు, ఆరేడు ఏలక్కాయలు, రెండు చెంచాల నెయ్యి. కాస్త అటూ ఇటూగా నలభై అరిసెలవుతాయి.

బియ్యం ఒక రోజంతా నానాలి. నీళ్ళు రెండుసార్లు మార్చండి, మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. వంచి, గుడ్డ మీద పావుగంట మాత్రం ఆరనిచ్చి తడి ఉండగానే మరకి పట్టుకెళ్ళండి. తడి బియ్యమని ముందే చెప్పండి, కొందరు మరవాళ్ళు వాటికి విడిగా టైము పెడతారు. పండగ ముందు రెండు రోజులూ అక్కడ జనం కిటకిట, అందుకే వారాంతం ఎంచుకోమన్నది. పిండిని జల్లించి, గిన్నెలో నొక్కి, మూత పెట్టి ఉంచాలి. తడి ఆరిపోయిన పిండితో చేస్తే అరిసె అంచులు పగులుతాయి.

బెల్లం తరిగి గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి మళ్ళీ పొయ్యెక్కించండి. ఇక కళ్ళు తిప్పకూడదు. పళ్ళెంలో చల్లనీళ్ళు పెట్టుకుని నిమిషానికోసారి చుక్క వేసి చూడండి. చుక్క కరిగిపోతే ఇంకా లేతే. వేళ్ళ మధ్య మెత్తటి ఉండలా చేరితే దించేయాలి. పళ్ళేనికి వేస్తే టంగుమంటే ముదిరిపోయింది, అరిసెలు రాయవుతాయి. ముదిరితే కాసిని వేడినీళ్ళు పోసి మళ్ళీ కరిగించి మొదటినుంచి చూడొచ్చు, పిండి కలపకముందైతేనే. దించాక ఏలకుల పొడి, నువ్వులు, నెయ్యి వేసి, ఒకరు పిండి కొద్దికొద్దిగా జారవిడుస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఇద్దరు లేకుండా ఉండలు కట్టకుండా చేయడం కష్టం. పిండంతా వేసేయాలని లేదు, చలిమిడి గరిటెకి అంటుకుంటూ జారే దశలోనే ఆపండి, ఆరేకొద్దీ గట్టిపడుతుంది.

మొదట ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విడిపోతే పాకం లేతది, మిగిలిన పొడిపిండి రెండు గుప్పెళ్ళు కలపండి. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే నూనె కాగు ఎక్కువ. తీసిన వెంటనే చెక్కల మధ్య నొక్కాలి, చల్లారాక నొక్కితే నూనె రాదు. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. వెచ్చగా మూత పెడితే చెమ్మకి బూజు పడుతుంది. సరిగ్గా చేసినవి రెండు వారాలు నిలుస్తాయి.

కేకు చేసే ఇళ్ళకి ఒక్క మాట: నారింజ తొక్కు వెతుక్కోకండి, గూడూరు నిమ్మకాయల పై పచ్చతొక్కు రెండు కాయలది తురిమి వేయండి. కిందున్న తెల్లపొర తగిలితే చేదు. ఎండుపళ్ళు మైదాలో పొర్లించి వేస్తే అడుక్కి దిగవు.

పిడికెడు బియ్యం, ఇరుగుపొరుగు పళ్ళెం

అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయడం తెలుగు సంఘాల్లో ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే. దాన్ని డిసెంబరు నెలకి ఇంటి పనిగా పెట్టుకోండి. పిడికిలికి సుమారు 50 గ్రాములనుకుంటే రెండు పూటలా 1 నుంచి 23 దాకా రెండు కిలోల పైచిలుకు అవుతుంది. పిడికెడు తీసే పని పిల్లలది. దానికి కందిపప్పు, నూనె, బెల్లం జతచేసి 23న ఇవ్వండి. ఎవరికన్నది ముందే తేల్చుకోండి: ఒంటరిగా ఉన్న ముసలావిడ, పెద్దాసుపత్రిలో రోగి దగ్గర కూర్చున్న పల్లెటూరి మనిషి. 25న ఇస్తే వండుకునే వేళ దాటిపోతుంది. ఫోటో తీయకండి. తీసుకునే మనిషికి అది పండగ కాకుండా పోతుంది.

ఇరుగుపొరుగుకి పళ్ళెం పంపడంలో తెలియక చేసే పొరపాట్లున్నాయి. డిసెంబరు మధ్య నుంచి ధనుర్మాసం, అయ్యప్ప మాలలు కూడా ఆ రోజుల్లోనే. మాల వేసుకున్నవాళ్ళు, నియమంలో ఉన్న పెద్దవాళ్ళు బయట వండింది తినరు. తీసుకుని పక్కన పెడితే ఇద్దరికీ ఇబ్బంది. వాళ్ళకి అరటి అత్తం, బత్తాయిలు, కొబ్బరికాయ పంపండి, సంతోషంగా పుచ్చుకుంటారు. గుడ్డు తినని ఇళ్ళకి కేకు వద్దు, అరిసెలు చాలు, అవి కూడా కోడిగుడ్డు సామాను తగలని గిన్నెల్లో. పళ్ళెం 24 సాయంత్రం లోపు చేరాలి, 25న ఎవరూ ఇంట్లో దొరకరు.

క్యారల్స్ వచ్చే రాత్రి

సంఘం కుర్రాళ్ళు ఏ రోజు మీ వీధికి వస్తారో ముందే కనుక్కుని, ఆ రాత్రి ఒక పాట ఇంటివాళ్ళే పాడండి. విని కానుక ఇచ్చి పంపడం కన్నా అది వేరుగా ఉంటుంది. రెండు చరణాలు చాలు, పాత కీర్తనైతే జేజి కూడా కలుస్తుంది. ముప్పైమందికి టీ రెండు లీటర్లు: లీటరుంబావు పాలు, మిగతాది నీళ్ళు. వాళ్ళ దగ్గర మైకు ఉంటే రాత్రి పదింటి తర్వాత మోగించకూడదని చట్టమే ఉంది. డోలక్కు, చప్పట్లు ఉండగా మైకు అక్కర్లేదు కూడా.

దూరాన ఉన్నవాళ్ళు, రెండు వైపుల చుట్టాలు

కువైట్‌లో, అమెరికాలో, హైదరాబాద్‌లో తలొకరు ఉంటే వీడియో కాల్ టైము 24 రాత్రి ఎనిమిదిన్నరకి పెట్టండి. అప్పుడు కువైట్‌లో సాయంత్రం ఆరు, అమెరికా తూర్పు తీరంలో ఉదయం పది, డల్లాస్‌లో తొమ్మిది. ఊరికే "హాయ్, ఏం వండారు" దగ్గర ఆగకుండా ఏదో ఒక పని కలిసి చేయండి: ఆ రోజు అధ్యాయం సగం ఇక్కడ, సగం అక్కడ చదవడం చక్కగా కుదురుతుంది. పాట మాత్రం కలిసి పాడాలని చూడకండి, ఫోన్లో గొంతులు వెనకా ముందూ అయి గోలవుతుంది. ఒకరు పాడితే మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉండాలి.

పుట్టిల్లా, అత్తిల్లా అన్న పేచీకి ఒకే మందు: సరి ఏడు ఒక ఇల్లు, బేసి ఏడు ఇంకో ఇల్లు. పెళ్ళయిన మొదటి ఏడే ఇద్దరు వియ్యపురాళ్ళ సమక్షంలో చెప్పేయండి. రెండు ఇళ్ళకీ ఒకే రోజు వెళ్ళాలని చూస్తే హైవే మీదే పండగ అయిపోతుంది.

25 మధ్యాహ్నం భోజనం

ఆరాధనకి వెళ్ళాల్సిన పొద్దున్న ఒకావిడ పొయ్యి దగ్గర ఉండిపోవడం మంచి ఆనవాయితీ కాదు. నెల్లూరు చేపల పులుసు దీనికి పరిష్కారం, రాత్రి చేసింది మర్నాటికే రుచి. 24 సాయంత్రం రెండు కిలోల కొర్రమీనుకి 150 గ్రాముల చింతపండుతో పులుసు పెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున్న గరిటె పెట్టకుండా గిన్నె తిప్పుతూ వెచ్చచేస్తే ముక్క చెదరదు. మామిడికాయ సీజను కాదు, ఆ పులుపు చింతపండే ఇవ్వాలి. ఇక వచ్చాక అన్నం, ఒక వేపుడు. మాంసం కావాలంటే 24నే చెప్పి ఉంచండి, 25 తెల్లవారి కొట్టు ముందు వరస ఎంతుంటుందో తెలిసిందే. గిన్నెలు తోమడం మగవాళ్ళ వంతు అని మొదటి సాయంత్రం పట్టీలోనే రాసి ఉండాలి.

పెద్దల మాట, జనవరి 1 కొండ

25 భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఫోన్ పెట్టి అరగంట రికార్డు చేయండి. ఫ్యాను ఆపండి, ఫోన్ దిండు మీద మూరెడు దూరంలో పెట్టండి. ఏడాదికి ఒక్కరే, ఐదు ప్రశ్నలే. మన ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు, ఎక్కడ? అప్పుడు ఊళ్ళో ఏమన్నారు? మీ చిన్నప్పుడు పాస్టరు గారు ఎలా వచ్చేవారు, నడిచా, ఎడ్లబండి మీదా? పండక్కి ఏం తినేవాళ్ళు? ఇప్పుడు ఎవరూ పాడని పాట ఒకటి పాడతారా? జవాబు మధ్యలో తేదీలు సరిదిద్దకండి, మాట ఆగిపోతుంది.

ఆ జవాబులు చాలా ఇళ్ళలో గుండ్లకమ్మ ఏటి దగ్గరికి వెళతాయి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. పండగ సెలవుల్లో పిల్లల్ని ఒకసారి ఆ రేవుకి తీసుకెళ్ళండి.

కొత్త సంవత్సరానికి ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్ళతో పాటు ముగ్గురు తెలుగువాళ్ళు అక్కడికెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియా ఒకరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన నుంచి వచ్చి పడుకున్న పిల్లల్ని చీకట్లో లేపడం కష్టమే, వాళ్ళని సాయంత్రమే కాసేపు నిద్రపుచ్చండి. సూర్యోదయం ఆరున్నర దాటాక కాబట్టి ఆరింటికి కొండ కింద ఉంటే చాలు. మంచు పడుతుంది, ముసలివాళ్ళకి శాలువా, అందరికీ ఫ్లాస్కులో టీ.

ఇంట్లో మనిషి పోయిన ఏడు

ఆ ఏడు పండగ చేయకూడదని మన ఇళ్ళలో పట్టింపు. మొత్తం ఆపేస్తే పిల్లలకి ఆ మనిషితో పాటు పండగ కూడా పోయినట్టుంటుంది, ఏమీ జరగనట్టు చేస్తే పెద్దవాళ్ళకి నొప్పి. మధ్యదారి ఇది: నక్షత్రం కట్టండి, రంగు సీరియళ్ళు వద్దు. అధ్యాయం చదవడం ఆపకండి. పిండివంటలు చేయకపోయినా చుట్టాలు తెచ్చినవి పుచ్చుకోండి. పిడికెడు బియ్యం ఆ మనిషి పేరున ఇవ్వండి. ఏది చేయాలో ఆ ఇంటి భార్యో, భర్తో, తల్లో చెప్పాలి, పరామర్శకి వచ్చిన చుట్టాలు కాదు.

26 సాయంత్రం, జనవరి 6

200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని దానికి అట్ట వేయండి. ఏడాదికి ఎదురెదురు రెండు పేజీలు. 26 సాయంత్రమే రాయాలి, వారం ఆగితే కొలతలు మరిచిపోతారు. ఎవరొచ్చారు, ఎవరు రాలేకపోయారు, బియ్యం, బెల్లం ఎంత పట్టింది, ఏం మిగిలింది, ఏం చాల్లేదు, చీటీల్లో ఎవరికెవరు, మటన్ కిలో ఎంత. మొదలుపెట్టిన మూడింటిలో ఏది భారంగా అనిపించిందో అందరినీ అడిగి, ఎక్కువమంది పేరు చెప్పినదాన్ని అక్కడే కొట్టేయండి. మిగిలినవి నిలబడితేనే మూడో ఏడు నాలుగోది కలపండి.

జనవరి 6న నక్షత్రం దించి, బల్బూ హోల్డరూ తీసి, పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టండి. మైదా జిగురుకి ఎలుకలు వస్తాయి కాబట్టి నాలుగు కలరా ఉండలు వేయండి. కాగితం చిరిగినా బద్దలు మూడు నాలుగేళ్ళు వస్తాయి.

అదే రోజు ఫోన్లో రెండు గుర్తులు పెట్టుకోండి. రైలు రిజర్వేషను ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి తెరుస్తారు. డిసెంబరు 23న రావాలంటే అక్టోబరు 24న, 27న తిరిగి వెళ్ళాలంటే అక్టోబరు 28న టికెట్లు తీయాలి.